గాజు యింటి వెల

2025 నవంబరులో అమెరికాలోని లాస్ ఏంజిలిస్ నగరంలో వొక యిల్లు అమ్మకానికి వచ్చింది. అడిగిన వెల రెండున్నర కోట్ల డాలర్లు. వున్నవి రెండే పడకగదులు. హాలీవుడ్ కొండ అంచున ఉక్కు చట్రంతో, గాజు గోడలతో నిలిచిన యీ స్టాల్ హౌస్‌ను పియేర్ కోనిగ్ అనే వాస్తుశిల్పి 1960లో పూర్తిచేశాడు. స్థలాన్ని 1954లో 13,500 డాలర్లకు కొన్నారు. కట్టడానికి 37,500 డాలర్లయింది. మొత్తం 51,000. నాటి నుంచి నేటికి ఆ దేశంలో సాధారణ ధరలు సుమారు 11 రెట్లు పెరిగాయి. యీ యింటికి అడిగిన వెల 490 రెట్లు!

"యిందులో వింత యేమున్నది? అది కళాఖండం" అంటారు కళారాధకులు. సరే, కళాఖండమే. కాని అది యెందుకు పుట్టింది?

1945 జనవరిలో 'ఆర్ట్స్ అండ్ ఆర్కిటెక్చర్' పత్రిక సంపాదకుడు జాన్ ఎంటెంజా వొక పథకం ప్రకటించాడు. యుద్ధం ముగింపుకు వస్తున్నది. సైనికులు తిరిగి వస్తారు. వుండడానికి యిళ్లు చాలవు. కనుక ఫ్యాక్టరీలో తయారయ్యే సరుకుతో, మామూలు సంపాదనపరుడికి అందే నమూనా యిళ్లు కావాలన్నాడు. ప్రతి యిల్లూ మళ్లీ మళ్లీ కట్టడానికి వీలుగా వుండాలనీ, వొక వ్యక్తి ప్రతిభా ప్రదర్శనగా మిగలరాదనీ ఆయన నియమం. 1966 వరకు సాగిన ఆ పథకంలో స్టాల్ హౌస్ 22వ నంబరుది. నంబరు వేసేది వరుసలో నిలవవలసిన వస్తువుకే గదా!

ఆ వరుస సాగలేదు. నమూనా నమూనాగానే మిగిలిపోయింది. నేడు "దీనివంటిది మరొకటి లేదు" అన్నదే దాని విలువకు ఆధారం. అంటే యే ఓటమి వల్ల ఆ యిల్లు వొంటరిదయిందో ఆ ఓటమినే మార్కెట్టు గొప్పతనంగా అమ్ముతున్నది.

ఓటమికి కారణం చెప్పమంటే, సామాన్యుడికి ఆధునిక శిల్పం రుచించలేదని మన కళారాధకుల జవాబు. యిది అబద్ధం. అదే నగరంలో గ్రెగరీ ఎయిన్ అనే వాస్తుశిల్పి వుండేవాడు. రెసీడాలో 280 కుటుంబాలకు ఆయన సహకార పద్ధతిన కాలనీ రూపొందించాడు. సభ్యులలో నల్లవారు కూడా వున్నారు. ఋణాలకు హామీ పడవలసిన ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ, ఆ కారణం చూపే హామీ నిరాకరించింది. కాలనీ కాగితం మీదనే ఆగిపోయింది. 1948లో ఆయన మార్ విస్టాలో 100 యిళ్లు తలపెడితే 52 లేచాయి. వాటిలో జనం చక్కగా కాపురాలు చేశారు. 2003లో నగరం ఆ వీధులను చారిత్రక ప్రాంతంగా ప్రకటించింది. నేడు అవీ కూలినాలి జనానికి అందవు. రుచి లేక కాదు, అప్పు పుట్టక, భూమి అందక సామాన్యుడు ఆ గడప తొక్కలేకపోయాడు.

ఎంటెంజా పథకం లోపమూ యిక్కడే వున్నది. ఉక్కును చవక చేయడం గురించి ఆలోచించారు. భూమి యెవరిది అని అడగలేదు. రూపాన్ని మార్చారు, ఆస్తి సంబంధాలను ముట్టుకోలేదు. సరుకులు తయారుచేసే కంపెనీల సౌజన్యంతో సామాన్యుడి యిల్లు లేస్తుందనుకున్నారు. అయినా వారి ఆశయాన్ని మనం వెక్కిరించనక్కరలేదు. అందమైన యిల్లు అందరికీ కావాలనుకోవడం తప్పు కాదు. ఆ అందాన్ని యినప్పెట్టెలో దాచే నగవలె మార్చడమే తప్పు.

జూలియస్ షుల్మన్ 1960లో తీసిన ఫొటో ప్రపంచమంతా తెలిసినదే. గాజు గదిలో యిద్దరు స్త్రీలు కబుర్లాడుతుంటారు. కింద నగరమంతా దీపాలు. ఉపాధ్యాయ మిత్రులారా, ఆ ఫొటోను పిల్లలకు తప్పక చూపించండి. చూపించి, ఆ గదిని యెంత తేలికగా నిలబెట్టాడో చెప్పండి. ఆ తరువాత కింది దీపాల వైపు వేలు చూపండి. నమూనా కట్టింది ఆ దీపాల కింద బతికేవారి కోసం. వారి యిళ్లు యేవి?