మేతలో మూలికలు

కొల్లేరు చుట్టుపక్కల చెరువుల్లో బొచ్చె, శీలావతి పెంచే రైతుకు ఎర్రమచ్చల జబ్బు, చేపపేను కొత్త కాదు. జబ్బు కనబడగానే యాంటీబయాటిక్ పట్టుకొస్తాం. ఆ అలవాటే మందులకు లొంగని సూక్ష్మజీవులను పెంచుతోంది. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లు మన ఆక్వా సాగులో నిషిద్ధం కూడా.

అందుకే ఈ సంచికను మూలికలకు కేటాయించాం. వెల్లుల్లిలోని అల్లిసిన్ సూక్ష్మజీవులను అణచివేస్తుంది. పసుపు, తిప్పతీగ, తులసి సారాలు చేపల రోగనిరోధక శక్తిని పెంచినట్లు పరిశోధనల్లో తేలింది. అయితే ఇవి ముందుజాగ్రత్తకే. ముదిరిన జబ్బును వీటి మీద వదిలేయకూడదు. మోతాదు మించితే ఎదుగుదల తగ్గవచ్చు. ఆకుమందే కదా అని తవుడులో గుప్పెళ్లతో కలపొద్దు.

ముందు నీటి నాణ్యత, చెరువులో వదిలే పిల్లల సంఖ్య సరిచూసుకోండి. ఆపైనే కొలిచిన సారం మేతలో కలపండి. రైతుకు ఖర్చు, తినేవారికి భయం రెండూ తగ్గాలన్నదే మా కోరిక.