ప్రపంచ విపణిలో ఔషధ పరిశ్రమ: ధరతోపాటు నాణ్యతే ఆధారం

హైదరాబాదులో 1960వ దశకంలో కేంద్ర ప్రభుత్వం నెలకొల్పిన ఐ.డి.పి.ఎల్. కర్మాగారం ఈ ప్రాంత ఔషధ పరిశ్రమకు పునాది వేసింది. 1970 నాటి చట్టం ఔషధానికి కాక తయారీ విధానానికే పేటెంటును పరిమితం చేసినందున, చవకైన విధానాలను రూపొందించిన మన సంస్థలు విదేశాలకు మందులు ఎగుమతి చేయగలిగాయి. 2005 జనవరి 1 నుండి ఉత్పత్తి పేటెంట్లు అమలులోకి రావడంతో ఆ వెసులుబాటు తగ్గింది.

నేడు పోటీ నాణ్యతపైనే నడుస్తున్నది. అమెరికా ఎఫ్.డి.ఏ. తనిఖీలలో తుది సరుకుతోపాటు ప్రతి దశ రికార్డులనూ పరిశీలిస్తారు. పరీక్షా ఫలితాన్ని చెరిపివేసినా, తేదీ మార్చినా ఎగుమతికే ముప్పు. కనుక పని జరిగిన వేళనే నమోదు చేయడం కార్మికుని స్థాయి నుండి అలవాటు కావాలి.

గాంబియాకు ఎగుమతి అయిన భారతీయ దగ్గుమందులలో విష రసాయనాలు ఉన్నట్లు 2022 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించింది. ఒక్క సంస్థ లోపం దేశం పేరుకే మచ్చ అని ఈ ఉదంతం చాటింది. 2023 డిసెంబరులో కేంద్రం 'షెడ్యూల్ ఎం' ప్రమాణాలను సవరించింది. వీటి వ్యయం చిన్న పరిశ్రమలకు భారమే. ఉమ్మడి పరీక్షా కేంద్రాలు ఏర్పరచుకుంటే ఆ భారం తగ్గుతుంది.

ముడి పదార్థాలకు చైనాపై ఆధారపడటం మరో బలహీనత. 2020లో ప్రకటించిన ప్రోత్సాహక పథకం కింద కాకినాడ వద్ద పెన్సిలిన్-జి కర్మాగారం 2024లో ప్రారంభమైంది. నక్కపల్లి బల్క్ డ్రగ్ పార్కుకు 2025 జనవరిలో శంకుస్థాపన జరిగింది. ముడి సరుకు ఇక్కడే లభించి, నాణ్యతపై రాజీ లేనప్పుడే సాధించిన విపణి నిలుస్తుంది.