కొత్త రంగు కింద పాత దెబ్బ

పిల్లల్ని బడికి దింపాలి, పెద్దవాళ్లని ఆస్పత్రికి తీసుకెళ్లాలి, పండక్కి ఊరెళ్లాలి... కొత్త కారు కొనే స్తోమత లేని ఇంటికి సెకండ్ హ్యాండ్ కారే దిక్కు. తళతళలాడే రంగు, అందుబాటు ధర చూడగానే చాలామంది అడ్వాన్సు చేతిలో పెట్టేస్తారు. 'యాక్సిడెంట్ ఏమైనా అయిందా?' అనడిగితే 'అబ్బే, చిన్న గీత కూడా పడలేదండీ' అనే సమాధానం సిద్ధంగా ఉంటుంది. ఆ మాట నిజమో కాదో కారే చెబుతుంది, చూడటం తెలిస్తే!

గీత వేరు... దెబ్బ వేరు
మన రోడ్ల మీద తిరిగిన కారుకి గీతలు పడటం, బంపర్ మారడం మామూలే. వాటికి భయపడి మంచి బండిని వదులుకోనక్కర్లేదు. భయపడాల్సింది అస్థిపంజరానికి దెబ్బ తగిలిన కారుకి. ఢీకొన్నప్పుడు ముందు భాగం తాను నలిగి, లోపలున్న మనుషుల మీద దెబ్బ తీవ్రత తగ్గించేలా కార్లను తయారుచేస్తారు. నలిగిన ఆ భాగాన్ని లాగి, సుత్తితో కొట్టి, రంగేస్తే అందం వస్తుంది కానీ మొదటి బలం వస్తుందన్న భరోసా లేదు. రెండోసారి ప్రమాదం జరిగితే తేడా తెలిసేది లోపల కూర్చున్నవాళ్లకే.

ఎండలో చూడండి
సాయంత్రం చీకట్లోనో, అప్పుడే కడిగిన తడి మీదో కారును చూడొద్దు. పగటి వెలుతురులో పక్కనుంచి వంగి చూస్తే రంగులో తేడాలు కనిపిస్తాయి. బానెట్‌కీ మడ్‌గార్డుకీ, తలుపుకీ తలుపుకీ మధ్య సందు రెండు వైపులా ఒకేలా ఉండాలి. పల్చటి గుడ్డ చుట్టిన చిన్న అయస్కాంతాన్ని ఇనుప రేకు మీద అక్కడక్కడా ఆనించండి. ఒకచోట గట్టిగా పట్టుకుని మరోచోట జారిపోతుంటే, ఆ రంగు కింద లప్పం దట్టంగా ఉన్నట్టే. బంపర్లు ప్లాస్టిక్‌వి కాబట్టి వాటిమీద ఈ పరీక్ష పనిచేయదు.

బానెట్ ఎత్తండి, డిక్కీ తెరవండి
బానెట్, మడ్‌గార్డుల బోల్టుల మీద రంగు లేచిపోయి, పానా పెట్టిన గుర్తులుంటే వాటిని ఎప్పుడో విప్పారని అర్థం. ఎందుకు విప్పారో అడగండి. డిక్కీలో స్టెప్నీ తీసి, కింద రేకు ముడతలు పడిందా, కొత్తగా వెల్డింగ్ చేశారా చూడండి. తలుపుల రబ్బరు బీడింగ్ కాస్త పక్కకు లాగితే ఫ్యాక్టరీలో వేసిన వెల్డింగ్ చుక్కలు వరసగా కనిపిస్తాయి. అవి లేకపోయినా, వంకరటింకరగా ఉన్నా అనుమానించాల్సిందే. అద్దాల మూలల్లో తయారీ ఏడాదిని తెలిపే గుర్తులుంటాయి. ముందు అద్దం ఒక్కటే మారితే రాయి తగిలి ఉండొచ్చు. ఒకే వైపు అద్దం, తలుపు, లైటు అన్నీ కొత్తవైతే కథ వేరు.

ఆ ఎర్ర దీపం వెలిగిందా?
తాళం తిప్పగానే డాష్‌బోర్డులో ఎయిర్‌బ్యాగ్ దీపం కొన్ని సెకన్లు వెలిగి ఆరిపోవాలి. ఆరకుండా ఉంటే లోపం ఉన్నట్టు. అసలు వెలగకపోతే ఇంకా ప్రమాదం. ఒకసారి తెరుచుకున్న ఎయిర్‌బ్యాగ్ స్థానంలో కొత్తది పెట్టకుండా, ఆ సంగతి తెలియకుండా దీపం తీగ తీసేసి ఉండొచ్చు. 2019 జులై 1 నుంచి తయారైన కార్లకు డ్రైవరు ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి కాబట్టి వాటిలో ఈ దీపం వెలగకపోతే ఏ సర్దుబాటు మాటలూ నమ్మొద్దు.

కాగితాలు అబద్ధమాడవు
ఇన్సూరెన్స్ పాలసీలో 'నో క్లెయిమ్ బోనస్' ఎంతుందో చూడండి. క్లెయిమ్ లేకుండా ఏడాది గడిస్తే 20 శాతంతో మొదలై వరసగా అయిదేళ్లకు 50 శాతానికి చేరుతుంది. ఒకే యజమాని దగ్గర ఆరేళ్లుగా ఉన్న కారుకి అది సున్నా అయితే క్లెయిమ్ అయి ఉండాలి, లేదా పాలసీ మధ్యలో ఆగి ఉండాలి. ఏది జరిగిందో చెప్పమనండి. అయితే ఈ బోనస్ కారుది కాదు, యజమానిది. ఈమధ్యే చేతులు మారిన బండికి సున్నా ఉండటం సహజం. క్లెయిమ్ చేసినా బోనస్ పోకుండా కాపాడే అదనపు పాలసీలూ ఉన్నాయి. అందుకే కంపెనీ సర్వీసు సెంటర్ రికార్డు కూడా యజమాని చేతే తెప్పించండి. టింకరింగ్, పెయింటింగ్ ఎప్పుడు చేశారో అందులో ఉంటుంది. సొంతంగా బయట షెడ్డులో చేయించుకుంటే మాత్రం రికార్డుకెక్కదు.

చివరిగా, మీకు తెలిసిన మెకానిక్‌ను తీసుకెళ్లి, కారును లిఫ్ట్ ఎక్కించి కింద నుంచి చూపించండి. తర్వాత ఖాళీ రోడ్డు మీద నడిపి, స్టీరింగ్ ఒక పక్కకు లాగుతోందేమో చూడండి. చిన్న దెబ్బని బయటపెడితే ధర తగ్గించమని అడగొచ్చు. అస్థిపంజరానికి దెబ్బ తగిలిందని తేలితే మాత్రం బేరమాడొద్దు, తాళాలు తిరిగిచ్చేయండి. లిఫ్ట్ ఎక్కించడానికి యజమాని ఒప్పుకోకపోయినా అంతే!