ఇంట్లో కట్టిన విమానంలో కుర్చీ ఎక్కడ వేయాలి?

కొత్త ఇల్లు కట్టుకున్నవాళ్లు గృహప్రవేశమైన తరువాత గాని కుర్చీల సంగతీ బీరువాల సంగతీ ఆలోచించరు. గోడలు లేచి, కప్పు పడి, సున్నాలు వేసి, చుట్టాలందరూ భోంచేసి వెళ్లాక ఇల్లాలు గది మధ్య నిలబడి, "ఆ బీరువా ఇటు జరపండి, ఈ మంచం అటు వేయించండి" అంటుంది. నాలుగు రోజులు పోయాక మళ్లీ మార్పిస్తుంది. మార్పిస్తే ఏం పోయింది? బీరువా తూర్పు గోడకున్నా పడమటి గోడకున్నా ఇల్లు ఒరిగిపోదు గదా! ఇంట్లో విమానం కట్టుకునే మనిషికి మాత్రం ఈ స్వేచ్ఛ లేదు. అతను సామాను అర ఒక మూరెడు వెనక్కి జరిపితే విమానమే ఒరుగుతుంది. అదీ నేలమీద కాదు, ఆకాశంలో.

ఇంట్లో విమానం కట్టుకోవడమేమిటి, ఈ మాస్టారికి ఎండదెబ్బ తగిలింది కాబోలు అనుకోకండి. అమెరికాలో ఇది పాత సరదాయే. పాల్ పోబెరెజ్నీ అనే ఆయన 1953లో విస్కాన్సిన్ రాష్ట్రంలో ఇలాంటి వాళ్లందరినీ కూడగట్టి ఒక సంఘం పెట్టాడు. ఇప్పుడు ఏటా వేసవిలో ఆష్‌కాష్ అనే ఊళ్లో వాళ్ల తిరునాళ్ల జరుగుతుంది. కొట్టంలో కారు పెట్టుకునే చోట కారు బయటికి నెట్టి, లోపల విమానం బిగించుకుంటారు. రేకులు, కమ్ములు, వేలకొద్దీ రివెట్లు, నకళ్లతో సహా పెట్టెల్లో వస్తాయి. దాన్ని కిట్ అంటారు. పనిలో సగానికి పైగా సరదాకోసం, నేర్చుకోవడంకోసం సొంతంగా చేసుకున్నదై ఉండాలని అక్కడి ప్రభుత్వ నియమం. ఆరిగాన్ రాష్ట్రంలోని వాన్స్ కంపెనీ వారి కిట్లతో కట్టినవే పదకొండు వేలకు పైగా ఎగిరాయి.

మనవాళ్లూ తీసిపోలేదు. అమోల్ యాదవ్ అనే విమాన చోదకుడు ముంబయిలో అయిదంతస్తుల మేడ డాబామీద ఆరు సీట్ల విమానం కట్టి, 2016 ఫిబ్రవరిలో మేక్ ఇన్ ఇండియా ప్రదర్శనలో పెట్టాడు. కిట్ కూడా కాదు, సొంత నమూనా. డాబామీదనించి దింపడమే ఒక ప్రహసనం! కేరళ నుంచి వెళ్లి ఇంగ్లండులో స్థిరపడ్డ ఇంజనీరు ఒకాయన, కరోనా రోజుల్లో అందరం ఇళ్లలో గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్నప్పుడు, దక్షిణాఫ్రికా నుంచి స్లింగ్ అనే కిట్ తెప్పించుకుని ఇంటిదగ్గరే కట్టాడు. 2022లో భార్యాబిడ్డలను ఎక్కించుకుని యూరప్ తిరిగి వచ్చాడు. ఆయన ఈ పనికి పూనుకోవడానికి కారణమేమిటనుకున్నారు? సీట్లే! అద్దెకు దొరికేవి రెండు సీట్ల విమానాలు. ఇద్దరు ఆడపిల్లలు పుట్టాక ఆ రెండు సీట్లూ చాలలేదు.

సీటు దగ్గరికి వద్దాం. పిచ్చుకగూడు లాంటి ఆ గదిలో సీటు అంటే మనం అంగట్లో కొనే కుర్చీ కాదు. విమానం నేలరేకే సీటు అడుగు. వాన్స్ వారి రెండు సీట్ల విమానాల్లో వీపు ఆనే పలక ఒక పొడుగాటి కీలు మీద నిలుస్తుంది. కీలులో దూర్చిన తీగ లాగి, పలకను ముందు వరసలోనో వెనక వరసలోనో మళ్లీ తగిలించుకోవచ్చు. పొడుగాటి మొగుడు నడిపితే ఒక వరస, పొట్టి ఇల్లాలు నడిపితే ఒక వరస. సీటు అడుగున ఖాళీ ఉంది గదా, చెప్పులో గొడుగో తోసేద్దామంటే కుదరదు. విమానాన్ని పైకీ కిందికీ తిప్పే కడ్డీలు అక్కడినించే తోకకు వెళతాయి. జారిన పెన్సిలు ఒకటి ఆ కడ్డీల సందున ఇరుక్కుంటే చాలు, చేతి పిడి కదలనని మొరాయిస్తుంది.

మెత్త సంగతి ఇంకా విచిత్రం. మెత్తగా ఉంటే మంచిదని మన నమ్మకం. బూరుగు దూది పరుపు మీద పెరిగినవాళ్లం మరి! కాని విమానం బలంగా నేలను కొట్టుకున్నప్పుడు సీటు పలక చటుక్కున ఆగిపోతుంది, మనిషి మాత్రం ఆగడు. మెత్తని పరుపును అణుచుకుంటూ వేగంగా దిగి, ఆగిపోయిన పలకను కొట్టుకుంటాడు. వెన్నుపూస నలిగేది అక్కడే. అందుకని తెలిసినవాళ్లు ఒక రకం మందబుద్ధి స్పంజి వాడతారు. వేలితో నెమ్మదిగా నొక్కితే లొంగుతుంది, వదిలితే తీరిగ్గా లేస్తుంది, హఠాత్తుగా గుద్దితే చెక్కలా బిగుసుకుంటుంది. పట్టీలు నడుముకొకటి, భుజాలకు రెండు. కొందరు తొడల మధ్యనించి ఇంకొకటి కూడా వేస్తారు, మనిషి పట్టీ కిందనించి ముందుకు జారిపోకుండా.

ఇక సామాను అర. ఈ సంగతి మా కాశీబుగ్గలో నాకు పుస్తకాల బీరువా చేస్తున్న వడ్రంగి మేస్త్రికి బొమ్మ గీసి చెబుతూంటే అతను పని ఆపి విన్నాడు.

"అయితే మేస్టారూ, సామానర ఎక్కడెట్టినారండీ?" అన్నాడు.

"సీట్ల వెనక, మేస్త్రీ" అన్నాను.

"ఎనకా? అలగైతే బరువెక్కువయితే నొగలు లేచిపోవా? తాడు ఎడ్ల పీక నొక్కేయదా?"

ఇంజనీరింగు చదివినవాడు అడగవలసిన ప్రశ్న ఇది. బండి తోలినవాళ్లకు తెలుసు. బస్తాలన్నీ ముందుకు వేస్తే కాడి ఎడ్ల మెడ మీద కూర్చుంటుంది. వెనక్కి వేస్తే కాడి పైకి లేచి మెడతాళ్లు బిగుస్తాయి. ఇరుసు మీద తూగేటట్టు సర్దిన బండే సుఖంగా నడుస్తుంది. ఉద్దానం తోటలనించి కావిడి వేసుకుని పనసకాయలు తెచ్చే మనిషిని చూడండి. ఒక తట్టలో పెద్దకాయ పడితే కర్రను భుజం మీద జరిపి, బరువున్న కొస దగ్గరగా భుజం పెడతాడు. గుణకారాలు అతనికి అక్కరలేదు, భుజానికి తెలుసు. విమానానికి భుజం లేదు గనుక లెక్క వేయాలి. 40 కిలోల పెట్టె తూగే చోటికి 1 మీటరు వెనక ఉంటే ఎంత లాగుతుందో, 20 కిలోల పెట్టె 2 మీటర్లు వెనక ఉన్నా అంతే లాగుతుంది. తూగే ఈ చోటుకు మన పాఠ్యపుస్తకాల్లో గరిమనాభి అని పేరు. మంచి మాటే, పరీక్ష అయ్యాక పలికేవాళ్లు లేరు గాని.

విమానం పూర్తయ్యాక మూడు చక్రాల కిందా మూడు తూనికలు పెట్టి తూస్తారు. తరువాత చోదకుడు, పక్క మనిషి, పెట్రోలు, సామాను, ఒక్కొక్కదాని బరువునూ దాని దూరంతో హెచ్చించి, కూడి, మొత్తం బరువుతో భాగిస్తారు. వచ్చిన అంకె నమూనా గీసినవాడు పెట్టిన రెండు హద్దుల మధ్య ఉండాలి. ముందు హద్దు దాటితే, దిగేటప్పుడు ముక్కు లేవనంటుంది. వెనక హద్దు దాటితే ముక్కు లేస్తూనే ఉంటుంది. వేగం చచ్చి, రెక్కలు పట్టు తప్పి విమానం పడిపోతుంది. రెండోదే మరీ ప్రమాదం. వాన్స్ ఆర్‌వి-7లో సీట్ల వెనక అరలో 100 పౌన్లు, అనగా దాదాపు 45 కిలోలకు మించి పెట్టకూడదన్నది అందుకే. చోటు ఉంటుంది, పెట్టకూడదు. ఇంకో చిక్కు ఉంది. ఆ విమానాల్లో పెట్రోలు రెక్కల ముందంచులో ఉంటుంది. అది ఖర్చవుతున్నకొద్దీ తూకం వెనక్కి జరుగుతుంది. ఎక్కినప్పుడు సరిపోయిన లెక్క దిగేసరికి తప్పవచ్చు.

పెద్ద కంపెనీల విమానాలకు ఈ బెడద లేదనుకోకండి. 2003 జనవరి 8న అమెరికాలో షార్లట్ అనే ఊళ్లో చిన్న ప్రయాణికుల విమానం లేచీ లేవగానే కూలి 21 మంది చనిపోయారు. తోక తీగెలు బిగించడంలో పొరపాటు ఒకటి. దానితోపాటు, మనుషులను తూచకుండా తలకు ఇంత అని వేసుకున్న సగటు లెక్క ప్రకారం బరువు సరిపోయింది, నిజంగా మాత్రం మించింది, తూకమూ హద్దు దాటి వెనక్కి పోయింది. ఆ తరువాత ప్రభుత్వం వారు ఆ సగటు పెంచారు. జనం లావెక్కారని సర్కారు ఒప్పుకున్న సందర్భం!

బరువు అలా ఉంచితే, సీటులో కూర్చున్నవాడి చెయ్యి ఎంతదూరం అందుతుంది అన్నది ఇంకో ప్రశ్న. దీనికి బలైనవాడు జాన్ డెన్వర్. పల్లెదారుల పాటలు పాడి ప్రపంచమంతా పేరు పొందిన గాయకుడు, అనుభవమున్న చోదకుడు కూడా. ఆయన కొనుక్కున్న లాంగ్ ఈజీ అనే విమానం ఇంకొకరు ఇంట్లో కట్టినది. నమూనా గీసిన బర్ట్ రుటాన్, పెట్రోలు ఈ టాంకీనించి ఆ టాంకీకి మార్చే మరను చోదకుడి కాళ్ల మధ్య పెట్టాడు. కట్టినాయన, పెట్రోలు గొట్టాలు మనిషి కూర్చునే చోటికి రాకుండా ఉంటే నిప్పుభయం తగ్గుతుందని, ఆ మరను తీసి సీటు వెనక ఎడమ భుజం పక్కన తగిలించాడు. ఆలోచన తప్పని చెప్పలేం. కాని ఎగురుతున్నవాడు దాన్ని తిప్పాలంటే పట్టీ వదులు చేసుకుని, ఒళ్లంతా వెనక్కి తిరగాలి. డెన్వర్‌కు కాలి మెట్లు అందక వీపు వెనక దిండు కూడా పెట్టుకోవలసి వచ్చింది. మర పిడికి పటకారు తగిలించి అందేటట్టు చేద్దామని బయలుదేరేముందు మెకానిక్కుతో కలిసి ప్రయత్నించాడు, కుదరలేదు. పెట్రోలు ఎంత ఉందో చూపే గాజుగొట్టాలూ వెనకే, వాటికి గీతలు లేవు. వెనక్కి చూడడానికి మెకానిక్కు ఒక అద్దం కూడా ఇచ్చాడు.

1997 అక్టోబరు 12న కాలిఫోర్నియా తీరంలో, మాంటెరీ దగ్గర, ఆ విమానం సముద్రంలో కూలింది. విచారణాధికారులు అలాంటి సీటులో తామే కూర్చుని చూశారు. మరకోసం ఎడమకు తిరిగినవాడి కుడికాలు, నిలదొక్కుకోవడానికి, తనకు తెలియకుండానే కుడి మెట్టును తన్నుతోంది! పెట్రోలు చాలినంత పోసుకోకపోవడం, ఆ విమానం మీద తగిన తరిఫీదు లేకపోవడం కూడా కారణాలని రాస్తూ, మరను అందని చోట పెట్టడాన్ని ఆ జాబితాలో చేర్చారు. నిప్పునించి కాపాడదామని జరిపిన వస్తువు నీళ్లలో ముంచింది. పొయ్యి దగ్గర పోపులపెట్టె అందకపోతే పోపు మాడుతుంది. ఇక్కడ మాడేదానికి ఇంకో వాయి లేదు.

అందుకనే కిట్ కట్టేవాళ్లు రెక్కలు తగిలించకముందే, ఇంకా పై అద్దం లేని ఆ తొట్టిలో ఎక్కి కూర్చుంటారు. కళ్లు మూసుకుని, నోటితో ఇంజను చప్పుడు చేస్తూ, ఒక్కొక్క మీటనూ తడుముకుంటారు. చూసేవాళ్లకు నవ్వే. కాని ఏది చేతికందుతుందో ఏది అందదో తెలిసేది అప్పుడే, రేకుకు చిల్లు పడకముందే. ఇల్లాలిని కూడా కూర్చోబెడతారు. "పిల్లదాని పాలసీసా ఎక్కడ పెట్టను? నా చేతిసంచీ ఎక్కడ?" అని ఆవిడ అడుగుతుంది. అవి విసుక్కోదగ్గ ప్రశ్నలు కావు. చోటు చూపించకపోతే ఆ సీసా ఎక్కడో అక్కడ ఉండనే ఉంటుంది, గాలి కుదుపుకు దొర్లి కాలి మెట్ల కిందికి చేరుతుంది. తలుపు సంచులు, సీటు వీపున కుట్టిన జేబులు, మూతకు గొళ్లెమున్న చిన్న అరలు, సామాను కదలకుండా వల, ఇవన్నీ అందుకోసమే. మా పలాస జీడిపప్పు డబ్బా ఒకటి ఎవరైనా వెంట తీసుకువెళ్లినా సరే, దానికీ ఒక బరువు, ఒక దూరం, ఒక గొళ్లెం ఉండాలి.

ఇంత చేసినా అమెరికా వారు వెంటనే భార్యాబిడ్డలను ఎక్కనివ్వరు. ఈ విమానం సొంతంగా కట్టుకున్నది, మామూలు విమానాల భద్రతా నియమాలకు లోబడినది కాదు అని ప్రయాణికుడి కళ్లెదుట ఒక పలక బిగించి తీరాలి. తాంబూలంతోపాటు హెచ్చరిక అన్నమాట. అప్పుడైనా వెంటనే కాదు. ఇంజను రకాన్నిబట్టి సాధారణంగా 25 గంటలో 40 గంటలో పరీక్షగా ఎగరాలి, అప్పటిదాకా ప్రయాణికులు కూడదు. ఖాళీగా ఎగిరితే బరువు సంగతి తేలదు గదా, అందుకని ముందు తేలిగ్గా, తరువాత కొంచెం కొంచెం బరువు కలుపుతూ, వెనక అరలోనూ పెడుతూ చూస్తారు. ఆ గంటలన్నీ ఇల్లాలి సీట్లో పట్టీ బిగించుకుని కూర్చునేది ఇసుక బస్తా.