లోపలి రేడియేషన్ పూర్తికాకుండా వైద్యం ఆపొద్దు

ఏలూరు జిల్లా ఉంగుటూరు మండలంలోని ఆడపడుచులకు, వారి ఇంటివారికి...

గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్ ఆపరేషన్‌కు వీల్లేనంత ముదిరినా నయమయ్యే దారి ఉంది. వారానికి ఐదు రోజుల చొప్పున ఐదు వారాలపాటు బయటి నుంచి రేడియేషన్ ఇస్తారు, మన వాడుకలో కరెంటు పెడతారు. వారానికోసారి సిస్‌ప్లాటిన్ అనే క్యాన్సర్ మందు ఎక్కిస్తారు. ఆ సరికి చాలామందికి రక్తస్రావం ఆగుతుంది, నొప్పి తగ్గుతుంది. చిక్కంతా అక్కడే. "తగ్గిందిగా, నాట్లు అయ్యాక వెళ్దాంలే" అంటాం. లోపల మిగిలిన గడ్డ మాత్రం నాట్లు అయ్యేదాకా ఆగదు.

దాని పని పట్టేది లోపలి రేడియేషన్. డాక్టర్లు బ్రాకీథెరపీ అంటారు. పక్క కృష్ణా జిల్లా మంటాడలో పుట్టిన డాక్టర్ నోరి దత్తాత్రేయుడు న్యూయార్క్‌లో పేరు తెచ్చుకున్నది ఈ వైద్యంలోనే. మత్తిచ్చి గర్భసంచిలోకి సన్నటి గొట్టాలు అమరుస్తారు. స్కాన్ తీసి మోతాదు లెక్కగడతారు. తీగ చివరనున్న బియ్యపు గింజంత ఇరిడియం, అంటే కిరణాలు వెలువరించే లోహం, ఆ గొట్టాల్లోంచి వెళ్లి, గడ్డ దగ్గర కొన్ని నిమిషాలుండి, తిరిగి యంత్రంలోకి వచ్చేస్తుంది. దూరం రెట్టింపైతే కిరణాల బలం నాలుగో వంతుకు పడిపోతుంది. అందుకే గడ్డకు గట్టి మోతాదు తగిలినా మూత్రాశయం, మలాశయం చాలావరకు తప్పించుకుంటాయి. ఇలా మూడు నాలుగుసార్లు చేస్తారు. ఒంట్లో రేడియేషన్ ఏమీ మిగలదు, ఇంటికొచ్చి మనవణ్ని ఎత్తుకోవచ్చు.

అంతా కలిపి ఎనిమిది వారాల్లో ముగియాలి. కొల్లేరు లంకల నుంచి కూలి పోగొట్టుకుని విజయవాడకో గుంటూరుకో పదేపదే వెళ్లిరావడం ఎంతమందికి సాధ్యం?

ఏలూరు ప్రభుత్వ మెడికల్ కాలేజీ 2023లో మొదలైంది. దాని ఆసుపత్రిలో బయటి రేడియేషన్, లోపలి రేడియేషన్ రెండూ దొరకాలి. ముందు ఒకటి, తర్వాతెప్పుడో రెండోది అంటే ఒప్పుకోవద్దు. ఇంకో మాట. ఇరిడియం బలం 74 రోజులకే సగమవుతుంది, మూడు నాలుగు నెలలకోసారి మార్చాలి. దాని బిల్లు ఆగితే వైద్యం ఆగినట్టే. ఇరిడియం బదులు వాడే కోబాల్ట్-60 బలం సగమవడానికి ఐదేళ్లు దాటుతుంది. సర్కారు ఆసుపత్రికి కోబాల్ట్ యంత్రమే మేలని మా వాదన.

అందాకా, ఎన్టీఆర్ వైద్యసేవ పథకం కింద రేడియేషన్ మొదలుపెట్టిన రోజే లోపలి రేడియేషన్ తేదీలు కూడా రాసివ్వాలి. రోగికి, తోడు వెళ్లేవారికి బస్సు పాసు, బస ఇవ్వాలి. ఆ తేదీకి వెళ్లారో లేదో ఆశా కార్యకర్త వాకబు చేయాలి. రాసివ్వకపోతే మీరే అడగండి: "లోపలి కరెంటు ఈ ఆసుపత్రిలోనే పెడతారా? ఏ రోజున?"

ఏలూరు కలెక్టరేట్‌లో సోమవారం అర్జీలు తీసుకుంటారు. ఊరికొక అర్జీ రాసి, సంతకాలు, వేలిముద్రలు వేయించి పట్టుకురండి.