బండి, మంచు, మనిషి

వినోదము లనేకములు. కొన్ని కాలమును హరించును. కొన్ని కాలమును దాచిపెట్టును. ఛాయాచిత్రములు తీయుట రెండవ తెగకు జేరినదని నా యభిప్రాయము. అయినను కొందఱు తల్లిదండ్రులు నన్ను గలిసికొని, "మాస్టారూ, మా వాడు చదువు మాని కనబడిన పాతకారు నెల్ల ఫొటో తీయుచున్నాడు, చలికాలము వచ్చెనా, లంబసింగి పోయెద నని ప్రాణము తోడుచున్నాడు" అని మొఱపెట్టుకొనుచున్నారు. వారికిని వారి బిడ్డలకును నేను చెప్పదలచిన మాట కలదు గనుక, దాని నీ సంచికయందే వ్రాయుచున్నాను.

మొదట తల్లిదండ్రులతో. ఈ వినోదము చదువునకు శత్రువు గాదు. అంబాసిడరు కారునే తీసికొనుడు. ఆంగ్లదేశపు మారిస్ ఆక్స్‌ఫర్డు బండి నమూనాను బట్టి హిందూస్థాన్ మోటార్సువారు వంగదేశమందలి ఉత్తరపారాలో దానిని 1957 మొదలు 2014 వఱకు నిర్మించిరి. ఒకప్పుడు వన్ టౌన్ వీథులలో, కురుపాం మార్కెట్టు మొదలు పాత పోస్టాఫీసు వఱకు, అది సామాన్యముగా కనబడు బండి. నేడు ఒక్కటి కనబడినచో పిల్లలు పరుగెత్తుదురు. దాని చిత్రమును చక్కగా తీయగోరు బాలుడు, గుండ్రని బానెట్టును, క్రోమియపు పూతగల బంపరును కుంభాకార దర్పణములని గ్రహింపక తప్పదు. ఆకాశము, వీథి, తుదకు తన రూపమే చిన్నదై వంగి యందు గోచరించును. మిట్టమధ్యాహ్నపు టెండలో తళుకు తప్ప ఆకారము సరిగా పడదనియు, ప్రొద్దుపొడుపు వేళ బండి దీపముల యెత్తున కూర్చుండి తీయవలయుననియు నేర్చుకొనును. తలుపుల యడుగున త్రుప్పు ఏల పట్టినదని యడిగి, సముద్రపు టుప్పుగాలి యినుము నేమి చేయునో తెలిసికొనును. నేను నల్లబల్లపై వ్రాసి చెప్పినప్పుడు వాడు కునికిన పాఠమే యిది!

చలికాలపు చిత్రములును నట్టివే. మన భాషలో లోయను గప్పిన పొగ, గడ్డిపై నిలిచిన నీటిబొట్టు, హిమాలయములపై పేరుకొన్న తెల్లని రాశి, అన్నియు మంచే. అందుచేతనే లంబసింగిలో మంచు కురియునని విని, స్వెట్టర్లు తొడిగికొని పోయి, తెల్లని గుట్టలు గానక కొందఱు నిరాశ చెందుదురు. కొర్రబయలనియు పిలువబడు ఆ గ్రామము చింతపల్లి మండలమున, సముద్రమట్టమునకు సుమారు 1,000 మీటర్ల యెత్తున నున్నది. నిర్మలమైన చలిరాత్రి నేల తన వేడిమిని ఆకాశమునకు విడిచివేయును. చల్లబడిన గాలి బరువై లోయలోనికి దిగును. అందలి యావిరి సన్నని తుంపరలై నిలుచును. అదియే మనము చూచు పాలసముద్రము. ఎండ యెక్కిన కొలది అది కరగిపోవును. కావున తెల్లవారకముందే చెరువులవేనము వంటి మిట్టకు జేరినవానికే ఆ చిత్రము దక్కును. కెమెరా ఆ తెలుపును చూచి వెలుతురెక్కువైనదని భ్రమసి, మంచును బూడిదరంగుగా తీయును. మనమే మఱికొంత వెలుతురు నిచ్చి సరిదిద్దవలయును. యంత్రము చెప్పినదెల్ల నిజము గాదని బాలునకు బోధించుటకు ఇంతకన్న మంచి యుపాధ్యాయుడు లేడు.

అమెరికాలో వెర్మాంటు రాష్ట్రపు రైతుబిడ్డ విల్సన్ బెంట్లీ సూక్ష్మదర్శినికి కెమెరాను తగిలించి, 1885 జనవరి 15వ తేదీన ఒక హిమస్ఫటికమును చిత్రించెను. అప్పటికి ఆతని వయస్సు పందొమ్మిది. తరువాత జీవితమంతయు శ్రమించి ఐదువేలకు పైగా స్ఫటికముల చిత్రములు తీసి, 1931లో గ్రంథముగా ప్రకటించి, ఆ సంవత్సరమే కన్నుమూసెను. చలికాలము వృథాకాలమని తలపని రైతు చేసిన పని యిది.

ఇక విద్యార్థులతో. ఇంతవఱకు నేను పొగడిన వినోదములో ఒక లోపము కలదు. అది నాయందే బయల్పడినది; కావున నా కథయే చెప్పెదను.

2004 జనవరిలో, ఉపాధ్యాయ శిక్షణము ముగించి ఉద్యోగమున చేరిన క్రొత్తలో, వన్ టౌన్‌లోని ఒక అంబాసిడరు టాక్సీని కుదుర్చుకొని మిత్రులతో లంబసింగికి పోతిని. నాయొద్ద ముప్పదియాఱు చిత్రముల రీలు ఒక్కటే. బండి యజమానియే దానిని నడుపువాడు. ప్రతిరాత్రియు సముద్రపు చెమ్మ నిలువకుండ బండిని తుడిచి గాని యాతడు నిదురించడట. ఆ గుడ్డ ఎల్లప్పుడును ఆతని భుజముపై నుండెడిది. నేను బండిని పదునాలుగు మారులు, లోయను ఇరువది మారులు తీసితిని. అది చూచి యాతడు నవ్వుచు, "బండికేనా మాస్టారూ ఫొటో? నాకు లేదా?" అని యడిగెను. "రీలు అయిపోయింది, వచ్చేసారి తీస్తాను" అంటిని. రీలు అయిపోలేదు. ఇంకను రెండు చిత్రములకు చోటున్నది. వానిని సాయంకాలపు సూర్యాస్తమయమునకై దాచుకొంటిని.

ఆ వచ్చేసారి రానేలేదు. కొన్ని యేండ్లకు ఆతని కుమారుడు మా యింటికి వచ్చెను. తండ్రి గతించెను, బండి అంతకుముందే పాత యినుము క్రింద అమ్ముడుపోయెను. గోడకు తగిలించుటకు తగిన చిత్రము ఇంటిలో ఒక్కటియు లేదు. "మీ ఫొటోల సంగతి మా నాన్న చెప్పేవాడండి" అనెను. నేను సిగ్గుతో నెగటివులన్నియు వెదకితిని. పదునాలుగింటిలో నొక్కదానియందు, బంపరుపై, గోరంత ప్రతిబింబములు రెండు గలవు. ఒకటి కెమెరా పట్టిన నేను. రెండవది నా ప్రక్క నిలిచిన యాతడు. పెద్దది చేయించి యిచ్చితిని. ముఖము పోల్చుకొనుటకు వీలు లేదు. ఆ పిల్లవాడు చాలసేపు చూచి, "భుజాన గుడ్డ ఉందండి. నాన్నే" అని దానిని కన్నుల కద్దుకొనెను. సూర్యాస్తమయపు చిత్రములు రెండును నేటికిని నాయొద్ద నున్నవి. అట్టివి ఏ దుకాణమునందైనను దొరకును.

నేడు మీకు రీలు కొఱత లేదు. 1975లో కొడాక్ సంస్థయందు స్టీవెన్ సాసన్ నిర్మించిన డిజిటల్ కెమెరా నేడు చిన్నదై మీ ఫోనులో నిమిడినది. వేలకొలది తీయవచ్చును. అయినను లోపము మాఱలేదు. బండిని తీయుదురు, దానిని తుడుచువానిని తీయరు. మంచులో కట్టెలమోపుతో నడచు తల్లిని తీయుదురు, ఆమె యనుమతి నడుగరు, పేరు తెలిసికొనరు.

కావున నా మనవి మూడు మాటలు. మనిషిని తీయుటకు ముందు అడుగుడు. వద్దన్నచో కెమెరాను దించుడు. ఫోను తేదీని వ్రాయును గాని పేరును వ్రాయదు; పేరును, ఊరును, బండి యేనాటిదో దానిని మీరే వ్రాసి యుంచుడు. సంవత్సరమునకు పండ్రెండు మంచి చిత్రము లేరి కాగితముపై అచ్చు వేయించి, మొదటి ప్రతిని చిత్రములోని మనిషికే యిండు.

తల్లిదండ్రులారా, పెద్దల తోడుతో మీ బిడ్డను ఈ చలికాలము ఒక్కమారు కొండకు పంపుడు. విద్యార్థులారా, కొండ కేగుటకు ముందు మీ యింటిలోని తాతను, అమ్మమ్మను కూర్చుండబెట్టి తీయుడు. ఎవ్వరైనను "నాకు లేదా ఫొటో?" అని యడిగినచో, వచ్చేసారి యని మాత్రము చెప్పకుడు.