కెలకాలా... వదిలేయాలా?

గాజులరామారంలో ఓ ఇల్లనుకోండి. కరెంటు బిల్లుకీ, పిల్లల ప్రాజెక్టులకీ ఒకటే పాత కంప్యూటరు. అందులో ఉబుంటు 20.04. 'కొత్తది వేద్దాం నాన్నా' అంటాడు కొడుకు. 'నడుస్తున్నదాన్ని కెలకడం ఎందుకురా?' అంటాడు తండ్రి.

తండ్రి మాటా కొట్టిపారేసేది కాదు. కానీ 2020 ఏప్రిల్‌లో వచ్చిన ఆ వెర్షన్‌కి మామూలు భద్రతా అప్‌డేట్లు 2025 మేతో ఆగిపోయాయి. బ్యాంకు పాస్‌వర్డ్ కొట్టే కంప్యూటరుకి అది ప్రమాదమే. అలాగని ఉన్నదాన్ని ఒక్క గెంతులో 24.04కి మార్చడం కుదరదు, 22.04 మీదుగానే వెళ్లాలి. మధ్యలో కరెంటు పోయిందా... గోవిందా! అందుకే ఫొటోలూ, సర్టిఫికెట్లూ ముందే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాలి.

పదో తరగతి పరీక్షలు నెత్తిమీదున్నాయా? అయితే ఆగొచ్చు. ఉబుంటు ప్రోలో నమోదు చేసుకుంటే 20.04కి 2030 ఏప్రిల్ దాకా భద్రతా అప్‌డేట్లు వస్తాయి. సొంత వాడకానికి అయిదు కంప్యూటర్ల వరకూ ఉచితం. పెద్ద మార్పు వేసవి సెలవుల్లో, తీరిగ్గా.